ఈశ్వరి ఎక్కితే కాగే బండి

మద్దిలేటి అని ఒకడుండె, మా కిందింటోడే. వానికి డీజిల్ పికప్పు బండి ఉండె. ఊర్లో పండిన ఉల్లిగడ్డలన్నీ మార్కెట్టుకు వాడే తోల్తాండె. వాడు తోలేదంటే ఎట్లనుకున్నారు, హారను వినపడితే కోళ్లు పక్కకు జరుగుతాండె, అంత జోరు. వాని పెండ్లాం ఈశ్వరి. మెత్తని పిల్ల. ఆ పిల్లకు రెండుసార్లు కడుపు నిలబడలేదు పాపం. మళ్లా నీళ్లోసుకునింది. ఈసారన్నా బిడ్డ దక్కల్లని ఇంటిల్లిపాదికీ ఉంటాది కదా. ఆస్పత్రికి మొగుడే బండిలో తీసకపోతాండె. అప్పుడు ఏమైందంటే, ఈశ్వరి ఎక్కిన దినమల్లా బండి కాగుతాది. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత కాడికి పోతాది, బానెట్టులోంచి పొగలొస్తాయి. బండెడు గడ్డలేసుకుని వాడొక్కడే పోతే ఏమీ కాదు. ఒక్క ఆడమనిషి, అదీ సన్నగా ఉండే మనిషి, ఎక్కితే కాగుతాది. ఇదేం చోద్యమో మీరే చెప్పండి.

ఊరు ఊరికే ఉంటాదా. బోరింగు కాడ ఒకామె అనిందంట, ఆ పిల్ల పాదమే అంత, కడుపూ నిలవదు, బండీ నిలవదు అని. ఆ మాట తిరిగి తిరిగి ఈశ్వరి చెవిన పడె. ఆ పిల్ల మొగునితో అనిందంట, నేనింక నీ బండెక్కను, నా వల్ల అదీ పోతే మనం బతికేదెట్ల, బస్సుకు మా అమ్మోళ్లింటికి పోతా, బిడ్డ దక్కితే వస్తా, లేకుంటే రాను అని. లేకుంటే రాను అనింది, విన్నారా. మద్దిలేటి అప్పటికే నీళ్లు మార్చినాడు, రేడియేటర్ మూత మార్చినాడు, ఏం చేసినా కాగుతానే ఉండె. పెండ్లాన్నీ, తోడుగా తన తల్లి సుంకులమ్మనూ ఆటోలో బస్టాండుకు పంపి, వెనకాలే బండి తోలుకుని పోయినాడు. బస్టాండు పక్కనే దస్తగిరి అనే మెకానిక్కు షెడ్డు ఉండె. అన్నా, బస్సొచ్చేలోపల నా బండి సంగతి చూడన్నా, నీకు పుణ్యముంటాది అన్నాడంట.

దస్తగిరి నోరు మంచిది కాదనుకోండి. అంతా విని, బానెట్టు తీయకుండా పోయి పక్క సీట్లో కూచున్నాడంట. ఒరే, పెండ్లాం ఎక్కినప్పుడు ఎట్ల తోల్తావో అట్ల తోలు అన్నాడు. మద్దిలేటి దిక్కులు చూసి, మామూలుగానే తోల్తా కదన్నా అంటాడు. ఆ మామూలే చూపీరా నాకు అన్నాడు. ఇంక తప్పదని తోలినాడు. ఎట్ల తోలినాడనుకున్నారు, స్పీడు బ్రేకరు అల్లంత దూరాన కనపడితే ఇప్పట్నుంచే బ్రేకు, ఒడిలో గుడ్లబుట్ట పెట్టుకున్నట్టు తోలినాడు. వెనకొచ్చే గొర్రెలమంద బండిని దాటుకుని పోయిందంట. గొర్రెలోడు తిరిగి చూసి, బండి చెడిపోయిందా అన్నా అని అడిగినాడంట. అంతలో ముల్లు లేచె. ఇప్పుడు గడ్డలు తోలినట్టు తోలు అన్నాడు దస్తగిరి. తోలినాడు. ముల్లు మెల్లగా దిగొచ్చె.

షెడ్డుకొచ్చి బానెట్టు తీసి, ఫ్యాను వైరు నేరుగా బ్యాటరీకి తగిలించి చూసినాడు. ఉలకదు, పలకదు. అప్పుడు బస్టాండులో అత్తతో కూచున్న ఈశ్వరిని పిలిచినాడంట. ఇట్ల రా తల్లీ, జోరుగా పోతే ఎదురుగాలే నీళ్లను చల్లారుస్తాది, ఫ్యాను తిరక్కపోయినా గడిచిపోతాది. నిదానంగా పోతే గాలి యాడిది, ఫ్యానే విసరల్ల. అది చచ్చి కూచునింది. ఇప్పుడు బండిలో ఉన్నింది నేను. నేనుంటే కూడా కాగింది. నా పాదం కూడా చెడ్డదేనా అన్నాడు. కాగింది నీ పాదానికి కాదు తల్లీ, నువ్వు పక్కనుంటే నీ మొగుడు తోలే తీరుకు అన్నాడు. మద్దిలేటి తల వంచుకుని కాలితో మన్ను గీకుతాండాడు.

ఇంజనాపి చేత్తో తిప్పితే ఫ్యాను కదల్లా. చూస్తే దాని ఇరుసుకు నల్లగా వెంట్రుకల తాడు చుట్టుకుని బిగుసుకుపోయింది. ఎవర్రా ఇంజన్లో జడేసింది అని దస్తగిరి తిట్లు లంకించుకున్నాడు. నేనేనయ్యా అని ముందుకొచ్చిందంట సుంకులమ్మ. కోడలు కడుపుతో తిరిగే బండి కదా, దిష్టి తగలకూడదని నా రాలిన వెంట్రుకలు దాచి పేని కట్టినా, బయట కడితే ఎవరన్నా పీక్కపోతారని లోపల కట్టినా అని కొంగు నోట్లో కుక్కుకునింది. ఈశ్వరి పోయి అత్తను పట్టుకుని ఏడ్సింది. దస్తగిరి కూడా నోరు మూసుకుని తాడు కోసి తీసి, కాలిపోయిన ఫ్యూజు మార్చినాడు. ఫ్యాను గిర్రున తిరిగె.

అంతలో బస్సొచ్చె, పోయె. ఈశ్వరి బండిలోనే ఎక్కి కూచునింది. ఆ తర్వాత కాన్పు సుఖంగా అయ్యి ఆడబిడ్డ పుట్టిందిలే, మీరు దిగులు పెట్టుకోవద్దండి. ఆ దినం ఇంటికొస్తా దారిలో అడిగిందంట ఈశ్వరి, ఎందుకట్ల నిదానంగా తోల్తావు అని. పక్కనే అత్త కూచోనుంది, ఆమే చెప్పె నాకు. మద్దిలేటి ఎదురుగా చూసుకుంటానే, రోడ్డు బాగలేదులే అన్నాడంట. ఆ రోడ్డు అప్పుడే కొత్తగా తారేసినారు, అంత నున్నని రోడ్డు మా తట్టు ఇంకోటి లేదు. ఏం చేస్తాడు పాపం, పెండ్లామంటే ఇష్టమని చెప్పను నోరు రాక, నేరమంతా రోడ్డు మీదికి తోసేసినాడు.