ఎడమకి ఒరిగిన నడక

మధ్యాహ్నం రెండున్నర దాటింది. ముందుగదిలో కుట్టుమిషను, పక్కన కుట్టాల్సిన బడి యూనిఫారాల కుప్ప. నేల మీద మడిచిన దుప్పటి, దాని మీద పదిహేనేళ్ళ ఆడపిల్లి. పిల్లి దగ్గర వదిన, గుమ్మంలో బుట్టతో ఆడపడుచు.

"ఆ బుట్ట లోపల పెట్టకు."

"చెయ్యి లాగేస్తోంది వదినా."

"అయితే బయట పెట్టిరా. బుట్ట చూస్తే దానికి తెలిసిపోతుంది."

"దానికి నేనే కనిపించడం లేదు, ఇంక బుట్టేం కనిపిస్తుంది! వచ్చిన దగ్గర్నుంచి దొరసానీ, దొరసానీ అని గొంతు పోయేలా పిలుస్తున్నా. కళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయే తప్ప నా వైపు చూసిందా?"

"చూస్తుంది. కాస్త ఆలస్యంగా చూస్తుంది. మొదటి రోజు నన్ను కూడా చూళ్ళేదు."

"అసలు మొదటి రోజు ఏం జరిగింది? ఫోన్లో నీ ఏడుపు తప్ప నాకేమీ అర్థం కాలేదు."

"ఏం జరగడానికేముంది పిల్లా. పొద్దున బాగానే ఉంది. ఉడికించిన గుడ్డు పెడితే తింది. మిషను మీదికెక్కి కత్తెర కింద పడేసింది, తిట్టాను. ఇంకో పది నిమిషాలకి దబ్బుమని చప్పుడు. చూస్తే కిటికీ మీంచి పడింది. లేచి నిలబడింది, మళ్ళీ ఒరిగిపోయింది. లేస్తుంది, ఒరుగుతుంది. తల ఇలా వాల్చేసి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఆపితే ఆగదు."

"ఒకే పక్కకా?"

"ఎడమకి. ఎప్పుడూ ఎడమకే."

"పశువుల డాక్టరు పరీక్షలన్నీ చేశాడుగా?"

"చెవులు చూశాడు, శుభ్రంగా ఉన్నాయన్నాడు. రక్తం తీశాడు, ఏమీ లేదన్నాడు. ఎక్స్‌రే తీశాడు, అందులోనూ ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే ఇదెందుకిలా ఉంది నాయనా అంటే, వయసమ్మా అన్నాడు. నాకూ వయసొచ్చింది. నేను తిరుగుతున్నానా గుండ్రంగా?"

"తిరుగుతున్నావు. తొమ్మిది రోజులుగా ఈ దుప్పటి చుట్టూనే తిరుగుతున్నావు. ఆ కుప్ప చూడు. బడి తెరిచేసరికి పిల్లలంతా చేతుల్లేని చొక్కాలేసుకుని పోతారు."

"పోనీ. గాలి తగులుతుంది, హాయిగా ఉంటుంది."

"అమ్మయ్య, నవ్వావు. ఇంక నా మాట కూడా వింటే..."

"బుట్ట."

"పెట్టాను. ఇదిగో, బయటే పెట్టేశాను. చాలా? ఈ బల్ల కాళ్ళకి ఏంటిది, నీలం గుడ్డ చుట్టావు?"

"యూనిఫారం గుడ్డే. తిరుగుతూ తిరుగుతూ పోయి కొట్టుకుంటోంది. నిన్న నుదురు గీరుకుంది."

"అయ్యో. అదే నేను చెప్పేది. దాని బాధ చూడు వదినా. నాలుగింటికి రమ్మన్నాడు డాక్టరు. ఒక్క సూది. నిద్రలోకి జారుకుంటుంది, అంతే. నొప్పే తెలీదట."

"నువ్వు మాట్లాడావా ఆయనతో? నన్నడక్కుండా?"

"నువ్వు ఫోనెత్తితేగా అడగడానికి! పోస్టాఫీసులో ఉత్తరాలకి ముద్రలు కొడుతూ మధ్య మధ్యలో నీకు పదకొండుసార్లు చేశాను. చివరికి ఆయనకే చేశాను. కొన్ని పిల్లులు రెండు మూడు వారాల్లో వాటంతటవే తేరుకుంటాయన్నాడు. కొన్ని తేరుకోవన్నాడు. ఇది ఏ రకమో చెప్పలేనన్నాడు. తిండి మానేస్తే మాత్రం..."

"మానలేదు. చేప ఉడికించిన నీళ్ళు తాగుతోంది."

"గిన్నెలోంచే?"

"వేలు ముంచి నోటి దగ్గర పెడితే నాకుతోంది."

"ఎన్నిసార్లు?"

"గంట గంటకీ."

"మరి నువ్వెప్పుడు పడుకుంటున్నావు?"

"ఇది తిరగడం ఆపినప్పుడు."

"ఎప్పుడాపుతోంది?"

"నువ్వు అన్నం తిన్నావా?"

"మాట మార్చకు. అద్దంలో మొహం చూసుకున్నావా అసలు? అన్నయ్య పోయి ఎనిమిది నెలలే అయింది. ఆ దెబ్బ నుంచే తేరుకోలేదు నువ్వు. ఇది అన్నయ్య పిల్లే, నాకు తెలీదా? రంగుడబ్బాల పెట్టెలో పెట్టుకుని తెచ్చాడు, అప్పుడు అరచేతిలో పట్టేది. తోకకి పచ్చరంగు అంటుకుని ఉంది. కిరసనాయిలుతో తుడవబోతే నువ్వే లాక్కున్నావు. అన్నీ గుర్తున్నాయి. అయినా ఏ ప్రాణాన్నైనా ఎంతకాలమని పట్టుకుంటాం? ఇలా పడేస్తూ లేపుతూ ఉంచడం ప్రేమ కాదు వదినా. అది మన కోసం ఉంచుకోవడం."

"అవును."

"ఏంటి అవును?"

"నా కోసమే ఉంచుకుంటున్నా."

"చూడు, నేనన్నది... వదినా, అదేంటి, ఉన్నట్టుండి ఆగిపోయింది? గుమ్మం వైపు చూస్తోందే. ఎవరైనా వచ్చారా?"

"టైమెంత?"

"మూడు కావస్తోంది."

"అదే. మూడింటికి చూస్తుంది."

"ఎవర్ని?"

"మంచినీళ్ళు తాగుతావా?"

"ఎవర్ని వదినా?"

"మీ అన్నయ్యని."

"ఛ. ఏం మాటలవి."

"తొమ్మిది రోజులూ ఇంతే. మూడవగానే తిరగడం ఆపేస్తుంది. కళ్ళు కొట్టుకోవడం కూడా తగ్గుతుంది. గుమ్మం వైపే చూస్తుంది. తర్వాత లేస్తుంది."

"లేచింది! పట్టుకో, పడిపోతుంది!"

"పట్టుకోకు. పోనీ."

"ఒరిగిపోతోంది వదినా!"

"గోడ ఉందిగా. గోడ పట్టుకుని పోతుంది. దాని వెనకే ఉన్నాను, నువ్వు కంగారు పడకు. పోమ్మా, మెల్లగా పో. తొందరేం లేదు."

"ఎక్కడికి పోతోంది?"

"పడగ్గది దగ్గరికి."

"అక్కడెందుకు ఆగింది? తలుపు బార్లా తీసే ఉందిగా. లోపలికి పోవే దొరసానీ. అదేంటి, కాలెత్తి గాల్లో గోకుతోంది?"

"తలుపుని గోకుతోంది."

"తలుపెక్కడుంది అక్కడ? తలుపు పక్కన గోడకి ఆనించి ఉంది."

"దానికి మూసినట్టే ఉంది."

"చూళ్ళేను బాబూ. ఉండు, దాన్ని ఇవతలికి తెచ్చి తలుపేసేస్తాను."

"వెయ్యకు!"

"అరుస్తావేంటి! నేనేం చేశాను?"

"ఆ తలుపు వెయ్యకు. అంతే."

"సరే, వెయ్యను. వదినా, దీనికి గడియ ఏది?"

"ఊడిపోయింది."

"ఊడలేదు. మరలు విప్పిన కన్నాలున్నాయి."

"పీకేశాను."

"ఎప్పుడు?"

"మీ అన్నయ్య పోయిన మర్నాడు."

"మర్నాడా? ఇంటి నిండా జనం ఉంటే నువ్వు స్క్రూడ్రైవరు పట్టుకుని గడియ పీకుతూ కూర్చున్నావా? ఎందుకు?"

"టీ పెడతాను, ఉండు."

"నాకొద్దు టీ."

"పాలు విరిగిపోతాయి మళ్ళీ..."

"వదినా. ఇలా రా. దొరసానిని నా ఒళ్ళో పెట్టు, నువ్వు ఇక్కడ కూర్చో. ఇప్పుడు చెప్పు. ఆ గడియ ఎందుకు పీకావు?"

"చెప్తే నువ్వీ ఇంటికి రావు."

"వస్తాను. చెప్పు."

"మీ అన్నయ్య నిద్రలో పోలేదు."

"ఏంటి?"

"నిద్రలో పోలేదు పిల్లా. నేనే అలా చెప్పాను. నీకూ, ఆయన్ని చూసిన డాక్టరుకీ, వచ్చినవాళ్ళందరికీ."

"మరి... చాప మీద, దిండు పెట్టుకుని... నేను వచ్చేసరికి..."

"చాప నేనే వేశాను. ఆ రోజు మూడింటికే ఇంటికొచ్చేశాడు. బోర్డు రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయని కొట్టు యజమాని పంపేశాడట, అది నాకు తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్ళలో మీ అన్నయ్య అక్షరం వంకరపోవడం చూశావా? తాగిన రోజుల్లో కూడా పోలేదు. గుమ్మంలోకి వచ్చాడు. ఎడమకి ఒరిగిపోతున్నాడు. ఆ గోడే, ఇందాక ఇది పట్టుకుందే, ఆ గోడే పట్టుకున్నాడు. మూతి ఒక పక్కకి జారిపోయింది. ఏదో చెప్పబోయాడు, నాలుక మడతపడింది."

"తాగొచ్చాడనుకున్నావా."

"ఆరేళ్ళయింది మానేసి."

"ఆరేళ్ళయితే మాత్రం! మధ్యలో రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టాడుగా."

"మానేసిన రోజున నాచేత ఒట్టేయించుకున్నాడు. ఇంకెప్పుడైనా తూలుతూ వస్తే పడగ్గదిలోకి పోయి గడియ పెట్టుకో అన్నాడు. బతిమాలినా తియ్యకు, ఏడ్చినా తియ్యకు, ఒక్కసారి తీశావంటే మర్నాడు మళ్ళీ తాగుతాను అన్నాడు. ఆ రెండుసార్లూ అలాగే చేశాను. బయట తలుపు గోకీ గోకీ అక్కడే పడి నిద్రపోయేవాడు. పొద్దున లేచి, మంచి పని చేశావు తల్లీ అని దణ్ణం పెట్టేవాడు."

"అది అన్నయ్య మాట కాదు వదినా. మా అమ్మది. నాన్న తూలుతూ వస్తే అమ్మ మా ఇద్దర్నీ లోపలికి లాక్కుని గడియ పెట్టేసేది. మత్తు దిగేదాకా తియ్యకూడదు. అన్నయ్య మానేస్తానన్నప్పుడు నేనే గుర్తుచేశాను, వదిన చేత కూడా అలాగే చేయించు అని."

"ఆ రోజూ గడియ పెట్టాను. అప్పుడు మిషను ఆ గదిలోనే ఉండేది. కుట్టుకుంటూ కూర్చున్నాను. తలుపు మీద చప్పుడు. గుప్పిటతో కొట్టడం కాదు, గోళ్ళతో. కాసేపటికి అదీ ఆగిపోయింది. అప్పుడు ఇది అరవడం మొదలుపెట్టింది. పిల్లి అరుపులా లేదు పిల్లా. వినలేక మిషను ఇంకా గట్టిగా తొక్కాను. అరవై జేబులు కుట్టాను. ఆరింటికి మిషను ఆపితే ఎక్కడా చప్పుడు లేదు. తలుపు తీస్తే రాలేదు, అడ్డంగా మనిషి ఉన్నాడు. తోసుకుని బయటికొచ్చాను. ఇది ఆయన చెవి పక్కన కూర్చుని ఉంది. ఆయన ఒళ్ళు చల్లబడిపోయింది. ముందుగదిలోకి లాక్కొచ్చి, చాప వేసి, దిండు పెట్టి, దుప్పటి కప్పాను. అప్పుడు నీకు ఫోన్ చేశాను."

"అన్నయ్య... మూడింటి నుంచి ఆరింటిదాకా..."

"ఆ మూడు గంటలూ ఆయన పక్కన ఉన్నది ఇదొక్కతే."

"ఉండు వదినా. కళ్ళు తుడుచుకోనీ."

"సరే."

"...అందుకా నువ్వు దీన్ని వదలనంటున్నది."

"అచ్చం ఆయనలాగే ఒరుగుతోంది. అదే పక్కకి. అదే గోడ. ఇప్పుడు దీన్ని కూడా బుట్టలో పెట్టి మూతేసి, సూది పొడిపించి రమ్మంటావా? నావల్ల కాదు. పోతే నా ఒళ్ళో పోతుంది. బతికితే బతుకుతుంది. ఎన్నాళ్ళైనా సరే, ఈసారి పక్కనే కూర్చుంటాను. దీన్ని కూడా వదిలేశానంటే నేనింక మనిషిని కాను."

"నా ఫోన్ ఇటివ్వు."

"ఎవరికి?"

"ఇవ్వు ముందు... హలో, డాక్టరుగారా? నాలుగింటికి పిల్లిని తెస్తానన్నానండీ... అవునండీ, ఆ సూది కోసమే. రావడం లేదండీ. లేదు లేదు, బతికే ఉంది. చేపనీళ్ళు తాగుతోంది. నడుస్తోంది కూడా, పడుతూ లేస్తూ. కళ్ళు తిరగడం తగ్గడానికి మాత్రలున్నాయన్నారుగా, సాయంత్రం వచ్చి తీసుకుంటాను. ఆఁ, పక్కన మనిషి ఉన్నారండీ. ఇద్దరం ఉన్నాం. ఉంటానండీ."

"ఇద్దరమేంటి?"

"సెలవు పెడతాను. నా ముద్రలు ఇంకెవరో కొడతారు. ఒకళ్ళు పడుకుంటే ఒకళ్ళు కూర్చుందాం. గుండీలు కుట్టడం నాకూ వచ్చు, కాకపోతే వంకరగా కుడతాను."

"నన్ను తిట్టవా?"

"ఏడుస్తున్నాగా, కనిపించడం లేదా?"

"తిట్టు పిల్లా. ఎవరో ఒకరు తిట్టాలి."

"ఎవర్ని తిట్టాలి? ఆ గడియ మా అమ్మ పెట్టింది. నేను నేర్పాను. అన్నయ్య ఒట్టేయించుకున్నాడు. నువ్వు మాట నిలబెట్టుకున్నావు, అంతేగా నువ్వు చేసింది? తూలుతూ వచ్చినవాణ్ణి చూసి, మందు కాదు, తలలో ఏదో చిట్లిందని ఎవరికి తడుతుంది? నీ చోట నేనున్నా గడియే పెట్టేదాన్ని. విను, నా వైపు చూసి విను. ఇందులో నీ తప్పు లేదు. నువ్వు తాగాడనుకున్నావు."

"పిల్లా."

"ఊఁ."

"దాని తల కాస్త పైకెత్తి పట్టుకో."

"పట్టుకున్నా. చెప్పు."

"ఆ రోజు గుమ్మంలోనే నా భుజం మీద వాలిపోయాడు. మొహం నా మొహానికి ఆనింది. వాసన చూశాను. ఆరేళ్ళుగా రోజూ చూసేదాన్నిగా, ఇంట్లోకి రాగానే."

"వదినా..."

"రంగు వాసన, అంతే. ఇంకే వాసనా లేదు. మర్నాటికి ఇవ్వాల్సిన చొక్కాలున్నాయి, ఇరవై ఏళ్ళు మోసి మోసి ఉన్నాను, ఆ పూట నాకు ఓపిక లేకపోయింది. తాగలేదని తెలిసే గడియ పెట్టుకున్నాను."