చొక్కా చెయ్యి

జూజిట్సు అనే జపాను కుస్తీ నేర్పే గదిని ఖాళీ చేస్తున్నారు. ఇంకా చుట్టని ఒక్క పరుపు మీద వదిన వెల్లకిలా పడుకుంది. ఆమె పాదాల దగ్గర ఆడపడుచు నిలబడి ఉంది.

"నీ మోకాలి ఆపరేషనై ఏడాదన్నా తిరగలేదు. ఇప్పుడెందుకు వదినా ఇదంతా?"

"రేపట్నుంచి ఈ గది ఉండదుగా. ఒక్కసారే. నీ చొక్కా చెయ్యి ఇలా ఇవ్వు."

"ఇదిగో. ఇక నా మడమ పట్టుకుని, నీ పాదం నా నడుముకి ఆనించి తంతావు. నాకు తెలీదా!"

"తన్నడం కాదే, తొయ్యడం. ఆడపడుచు అర్ధమొగుడని ఇంట్లో నీ ముందు నోరు మెదిపేదాన్ని కాదు. కసి తీరా పడెయ్యడానికి ఈ పరుపే దిక్కయ్యేది."

"పడేసి ఊరుకున్నావా? నేను కూలబడి కళ్ళు తెరిచేసరికి, నా ఎదుట నిలబడి నవ్వుతుండేదానివి. అంత చురుగ్గా ఎలా లేచేదానివో ఇప్పటికీ అంతుపట్టదు."

"నా గొప్పేం లేదు పిల్లా. నీ చొక్కా చెయ్యి వదిలేదాన్ని కాదు. వెనక్కి పడుతూ నీ బరువుతో నువ్వే నన్ను లేవదీసేదానివి."

"అమ్మ వదినా! ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదే?"

"చెప్తే చెయ్యి విడిపించుకునేదానివి."

"అప్పుడైతే విడిపించుకునేదాన్నే."

"మరి ఇప్పుడు?"

"గట్టిగా పట్టుకో. పడుతున్నా."