ఖాళీగా మిగిలిన సగం

నవ్వింది చాలు. రండి, దగ్గరికి జరగండి. గడప మీద ఎవరది, జాకబా? లోపలికి రా నాయనా, కూచో. సుజాతా, ఆ సంచీ తీసి ఒళ్లో పెట్టుకో, పక్కన పాపకు జాగా ఇయ్యి.

ఇందాక మన బడిలో సర్వరు పెట్టేదానికొచ్చినాయన ఏమడిగినాడు? "ముందుముందు దీన్ని ఎంత దాకా పెంచుకుంటారు సార్?" అని. నేను ఆలోచిస్తా నిలబడితే, మీలో ఎవరో, "మన బడిలో అది నిండేదానికి ఏముండాది సార్?" అనిరి. అంతే, అందరూ కిసకిసా నవ్వితిరి.

ఎవరో నాకు చెప్పాకండి. కొట్టేదానికి పిలవలేదు. ఆ మాట నేను ఇంతకు ముందు ఒకసారి విన్నాను. అందుకే నాకు నవ్వు రాలేదు.

మన తట్టు ఎవరైనా అనే మాటే అది. బోరు ఎండితే ఏం చేయాలో మనకు తెలుసు. చెనిక్కాయ పైరు మాడిపోతే ఏం చేయాలో తెలుసు. నిండితే ఏం చేయాలో మనకెవరు నేర్పినారప్పా?

మన ఊర్లో చీరలు నేసే సువర్ణక్క ఉండాదే, వాళ్లత్త నాగలక్ష్మమ్మవ్వ గుర్తుందా? లేదా? అవునులే, మీరు అప్పటికి పసిబిడ్లు. గుంట మగ్గంలో కాళ్లు దించి కూచునిందంటే, బువ్వకు పిలిచినా పలికేది కాదు. పట్టుచీరలు నేసేది.

ఆమె చేతిలో ఒక పని ఉండె. చీర ఒడలు, అదే కొంగు కాని భాగమంతా, ఒక రంగు, కొంగు ఇంకో రంగు అనుకోండి. ఒడలు అయిపోయి కొంగు మొదలయ్యే చోట, పాత రంగు పడుగు పోగుల్లోకి కొత్త రంగు పోగులు కలపాల. అందరూ కలుపుతారు, కానీ తడిమితే చేతికి తగులుతాది. అవ్వ కలిపితే తగలదు. వాళ్లమ్మ నేర్పిన పని అది. ఊర్లో ఇంకెవరికీ రాదు. సువర్ణక్కకు అదొక్కటీ నేర్చుకోవాలని ఆశ.

అవ్వకు వయసైపోతాండాదని, నేతగాళ్ల సంగం పెద్ద ఓబుళేసన్న ఆ పనంతా వీడియో తీపిచ్చాలనుకున్నాడు. గోరంట్ల నుంచి జాయ్ అనే పాప కెమెరా పట్టుకోనొచ్చె. తీసినవన్నీ దాచేదానికి సంగం ఆఫీసులో సర్వరు పెట్టిరి. దాన్ని పెట్టినాయన కూడా ఇదే అడిగినాడు, ఎంత దాకా పెంచుతారని.

ఓబుళేసన్న మంచోడే. పెద్దగా నవ్వినాడు. "మన సీమలో నిండింది ఏదన్నా ఉంటే చూపియ్యప్పా, నేనూ చూస్తా! మామూలుగా కానియ్యి" అనె. ఆయన మామూలుగానే కానిచ్చి పాయె.

మామూలుగా అంటే ఏందనా? అట్లడగండి. వెనక కాలంలో జొన్నలు దాచేదానికి నేలలో గుంత తవ్వి, గడ్డి పరిచి, పైన మూసేటోళ్లు. పాతర అంటాండిరి దాన్ని. ఈరన్న అని ఒకాయన బండరాయి పక్కనే పాతర తవ్వినాడు. ఒక యాడాది పంట బాగా వచ్చె. పాతర చాలలేదు. ఏం చేసినాడు? బండకు అవతలుండే జాగా కొనేసినాడు! జాగా అయితే పెరిగింది. మరి పాతర పెరిగిందా? యాడ పెరుగుతాది, మధ్యలో బండ ఉండాది కదా. పెద్దది కావాలంటే, ఉన్న జొన్నలన్నీ బయటికి తీసి, ఇంకోచోట కొత్తగా తవ్వుకోవాల్సిందే.

డిస్కు కూడా అంతే. ఏది యాడుండాదో గుర్తు పెట్టుకునే పట్టిక ఒకటి మొదట్లోనే రాస్తారు దాంట్లో. డిస్కులో జాగాను టీబీల్లో కొలుస్తారులే, పాత రకం పట్టికకు రెండు టీబీల దాకానే లెక్క వస్తాది. ఆ పైన నువ్వెంత జాగా తెచ్చిపెట్టు, దాని కంటికి ఆనదు. కొత్త రకానికి ఆ బాధ లేదు. ఏది కావాలో ముందే చెప్పాల. సంగం సర్వరుకు పడింది పాత రకం.

ఇంక తీసేది మొదలుపెట్టిరి. అవ్వ చేతి మీద ఒక కెమెరా, కాళ్ల మీద ఒకటి, పైనుంచి ఒకటి. సువర్ణక్క పక్కన కూచోని చూసేది. "నా మొకంలో ఏముండాదే అమ్మీ, చెయ్యి చూడు" అని అవ్వ కసిరేది. జాయ్ తట్టు తిరిగి, "నా కోడలి కంటే నీ డబ్బానే మేలు పాపా, కన్ను కూడా ఆర్పదు" అనేది. సువర్ణక్క ఊరుకుంటాదా? "డబ్బా నీకు కాఫీ పెడతాదేమో అడుగత్తా!" అనేది. జాయ్ నవ్వు ఆపుకుంటా కెమెరా పట్టుకోని కూచునేది.

చీర సగమైనా కాలేదు, ఒక టీబీ డిస్కు నిండొచ్చె. ఓబుళేసన్నకు భలే సంతోషం. "నిండిందా! మన ఊర్లో!" అని పెద్ద డిస్కు పెట్టిచ్చినాడు. పాత డిస్కులో ఉండేదంతా, ఆ పాత పట్టికతో సహా, దాంట్లోకి దించిరి. జాయ్ చూస్తే తెర మీద నాలుగు టీబీలని కనపడె. డిస్కు నాలుగే, నిజమే. దాంట్లో ఫైళ్లు పెట్టే భాగం మాత్రం రెండు దగ్గరే ఆగిపోయింది. ఆ పాప డిస్కు ఎంతని చూసింది గాని, భాగం ఎంతని చూడలేదు.

రోజూ సాయంత్రం కాపీకి పెట్టి గోరంట్ల బస్సుకు పోయేది. పొద్దున వచ్చి, కెమెరా కార్డు తుడిచి మళ్లీ తీసేది. జాగా చాల్లేదని ఆ సర్వరు తెర మీద చెప్పే ఉంటాది. తెల్లారేలోగా కరెంటు పోయి వచ్చేది కదా, ఆ మాట ఇంక కనపడేది కాదు. ఫైళ్ల పేర్లు మాత్రం వరసగా ఉండె, పేరుకు ఎంత జాగా కావాల? పేర్లు చూసి, ఉండాయిలే అనుకునింది.

చీర అయిపోయె. కొంగు కలిపేది చివర్లో వచ్చే పని కదా, అది కూడా తీసినారు. అవ్వ చీర మడత పెట్టి, "ఇంక నన్నడగాకండి, నా చేతులు మీ డబ్బాలో ఉండాయి" అనింది.

కొన్నాళ్లకే అవ్వకు పక్షవాతం వచ్చె. కుడిచెయ్యి పడిపాయె, మాట పడిపాయె. సువర్ణక్క ఏడుస్తాంటే ఓబుళేసన్న, "ధైర్యంగా ఉండమ్మా, అంతా డిస్కులో ఉండాది, నువ్వు నేర్చుకుందువు" అన్నాడు. అందరం పోయి చూద్దామని కూచుంటిమి.

అవ్వ నేస్తాండాది, నేస్తాండాది. ఒడలంతా ఉండాది. కొంగు కాడికొచ్చేసరికి పేరు నొక్కితే ఏమీ తెరుచుకోదు. ఇంకోటి నొక్కితే అదీ అంతే. లోపల ఏమీ లేదు.

జాయ్ కెమెరా కార్డుల్లో వెతికింది. వాటి మీద ఆ తరువాత వేరేవి ఎన్నో తీసింది కదా, ఏం దొరుకుతాది? మళ్లీ డిస్కు చూసి, రెండు టీబీల కాడ ఆగిపోయింది, సగం ఖాళీగానే ఉండాదనె.

అప్పుడు సువర్ణక్క అడిగింది. "ఆ డిస్కులో ఇంకా సగం ఖాళీగా ఉండాదంటివే జాయ్. దాన్ని కూడా తెరిచి చూడు. మా అత్త దాంట్లో ఉంటాదేమో."

జాయ్ నా తట్టు చూసె. సదువుకున్నోన్ని, నేను తెర తట్టు తిరుగుకుంటి. పాపం, ఆ పాప లేదనకుండా ఆ సగాన్ని తెరిచి చూపించింది. తెల్లగా ఉండె.

తరువాత జాయ్ అన్నీ బయటికి తీసి, కొత్త రకం పట్టిక రాసి, మళ్లీ లోపల పెట్టింది. ఇప్పుడెంతైనా పడతాది. పెట్టేదానికి అవ్వ చేతి పని లేదు.

చీర ఉండాది కదా అంటావా సుజాతా? ఉండాది. సువర్ణక్క దాన్ని ఎన్నిసార్లు ఎండకు పెట్టి చూసిందో! అంత బాగా కలిపితే, ఎట్ల కలిపినారో బట్టలో యాడ కనపడతాది?

ఇప్పుడు సువర్ణక్క ఒడలు, కొంగు అంతా ఒకే రంగు నేస్తాది. కలిపే పనే లేదు. కొనేటోళ్లు కూడా ఏమీ అడగరు. బాగుందంటారు, తీసుకపోతారు. బాగానే ఉంటాది మరి, బాగలేదని ఎవరన్నారు?

లేయండి, పొద్దు గుంకుతాండాది. మీ అమ్మోళ్లు సంగటి దించి చూస్తాంటారు. పోండి, వేడి మీద తినండి.