పంపేవారి పేరు

“ఆ ఊదారంగు పెన్ను పక్కన పెట్టవే. నీలం గానీ నలుపు గానీ ఉండాలి. లేకపోతే తిప్పి పంపేస్తారు.”

“తెలుసు పిన్నీ. ఇంకు వస్తోందో లేదో చూస్తున్నానంతే.”

ఆదివారం ప్రార్థన అయిపోయింది. అలబామాలోని ఆ వంటింట్లో వొనెట్టా జైల్లో ఉన్న తమ్ముడు టైరెల్‌కి ఉత్తరం రాస్తోంది. ఎదురుగా కూర్చున్న పిన్ని ఎర్నెస్టీన్ చర్చి టోపీ ఇంకా తీయలేదు.

“ఎన్ని పేజీలు?”

“మూడు. ఐదు దాకా పోనిస్తారు. ఒకవైపే రాశాను. స్టిక్కర్లు లేవు, సెంటు లేదు, లిప్‌స్టిక్ మరక లేదు. ఇంకేమైనా ఉందా?”

“నన్నెందుకు కసురుతావు? ఎంత పొందిగ్గా రాసినా కాగితం వాడి చేతికి రాదు కదా. ఎక్కడో మిషన్లో ఫొటో తీసి, అసలుది ముక్కలు చేసేస్తారట. టైరెల్ తెర మీద చదువుకోవాల్సిందే.”

“చదువుకుంటాడు.”

“కవరు మీద పంపేవారి పేరు ఏం రాశావ్?”

“కాఫీ పొయ్యనా?”

“వొనెట్టా.”

“ఒడెస్సా ప్రూయిట్.”

“మీ అమ్మ పోయి నాలుగు నెలలైందే!”

“తెలుసు. సమాధి మీద పూలు మార్చేది నేనేగా.”

“మరి?”

“చేతులు వణకడం మొదలైనప్పట్నుంచీ అమ్మ చెప్పేది, నేను రాసేదాన్ని. అక్షరాలు ఎప్పుడూ నావే. తను చెప్పడం ఆగిపోయింది. నేను రాయడం ఆపలేదు. అంతే.”

“దొరికితే వాడికి ఉత్తరాలే ఆపేస్తారు.”

“నా పేరు రాస్తే అసలు లోపలికే పోదు. మా ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడవకూడదని కోర్టు ఆర్డరు. ఆ కాగితాల్లో నేను వాడి అక్కని కాదు పిన్నీ, చచ్చిపోయిన పిల్ల తల్లిని.”

“నేనొకటి చెప్పాలి నీకు...”

“వాడికి మాత్రం చెప్పొద్దు. అమ్మ ఉందనుకోనీ.”

“వాడి మీద కోపం లేదా నీకు?”

“తెలీదు. తాగి కారు నడిపాడు. వెనక సీట్లో నా జూనీ ఉంది. ఏడేళ్లు దానికి. ఇలా చెప్తున్నప్పుడు ఏడుపు రావాలి కదా? రావట్లేదు. ఉత్తరం రాస్తుంటే మాత్రం చెయ్యి కదుల్తుంది.”

“ఈసారి ఏం రాశాడు?”

“ప్రతిసారీ అదే. ‘అమ్మా, అక్క నా పేరు ఎప్పుడైనా ఎత్తుతుందా?’ అని.”

“నువ్వేం రాస్తావ్?”

“టమాటాలు బాగా కాశాయని రాస్తాను. పాస్టరుగారి మోకాలి నొప్పి గురించి రాస్తాను.”

“ఆ మాటకి జవాబివ్వవా?”

“అమ్మయితే ఏం చెప్పేదో నాకేం తెలుసు? అడిగింది అమ్మని.”

“అమ్మని కాదే.”

“పైన ‘అమ్మా’ అనే ఉంది. ఇదిగో, నువ్వే చూడు.”

“వొనెట్టా, ఇటు చూడు. ఇంట్లో ఎవరైనా పోతే జైలు పాస్టరుకి ఫోను చెయ్యాలి. అదీ రూలే. మీ అమ్మ కళ్లు మూసిన రోజే చేశాను.”

“చేశావా?”

“వాణ్ణి తన గదికి పిలిపించి, ఫోను చేతికిచ్చాడాయన. పదిహేను నిమిషాలిచ్చారు. అంతసేపూ ఏడ్చాడు.”

“వాడికి తెలుసా?”

“తర్వాతి వారం అమ్మ పేరుతో నీ ఉత్తరం అందింది వాడికి. వెంటనే నాకు ఫోను చేశాడు. ‘నాకు తెలుసని అక్కకి చెప్పకు పిన్నీ, రాయడం మానేస్తుంది’ అన్నాడు.”

“ఆ నల్ల పెన్ను ఇటివ్వు. ఇంకా రెండు పేజీలు రాయనిస్తారు.”