గుప్పెడు రంపపు పొట్టు

కోత మిల్లులో మోటారు ఆగి ఉంది. సరుకు గది తలుపుకి బయటినుంచి తాళం. ఆ తలుపుకి వీపు ఆనించి కుంటి మేస్త్రి. ఎదురుగా గొడ్డలితో, ఆ పొద్దున రంపం కింద చెయ్యి పోగొట్టుకున్న కుర్రాడి అన్న. గది లోపల, కొత్తగా పనిలో చేరిన రంపం ఆపరేటర్.

"తాళం తీస్తావా, తలుపుతో పాటు నిన్ను కూడా చీల్చమంటావా?"

"చీల్చు. నువ్వు గేటు దాటడం చూసి వాణ్ణి లోపలికి తోసి తాళం వేసింది నేనే. తాళంచెవి కాలవలో పారేశా."

"నీ నడుముకే ఉంటుంది. నడుము విరిచి తీసుకుంటా."

"గొడ్డలి దించి మాట్లాడు, పెద్దోడా."

"మాటలా? అక్కడ వాడు మంచం మీద పడున్నాడు మేస్త్రీ! మణికట్టు దాకా గుడ్డ చుట్టారు. గుడ్డ చివర ఏం లేదు. ఏం లేదు! మెలకువ వచ్చిన దగ్గర్నుంచీ ఆ గుడ్డ వంకే చూస్తున్నాడు. వీడు మాత్రం రెండు చేతులూ ఊపుకుంటూ ఇంటికి పోతాడా? పోనిస్తానా?"

"పోలీసులకి కబురు పెట్టా. వాళ్ళొచ్చి..."

"వాళ్ళొచ్చేలోపు నాకు ఒక్క చెయ్యి చాలు. కుడిది. రేయ్! లోపల వినపడుతోందా?"

"అన్నా... నేను కావాలని చెయ్యలేదన్నా..."

"అన్నా అనకు! నాలుక తెగ్గోస్తా!"

"ముక్క ఇరుక్కుంటే తీస్తున్నాడన్నా. చెయ్యి తియ్, మోటారు వేస్తున్నా అని గొంతు చిరిగేలా అరిచాను. తలెత్తి నా వంక చూశాడు. తలూపాడు. తలూపాకే వేశానన్నా!"

"విన్నావా, మేస్త్రీ? తలూపాడట! చెయ్యి నరుక్కోమని తలూపాడట! తప్పుకో."

"తప్పుకోను."

"తప్పుకోమన్నానా!"

"అమ్మా! ...భుజం... గొడ్డలి తిరగేసి కొట్టావు, బతికిపోయాను. కొట్టు, ఇంకోటి కొట్టు. నీ చేతి దెబ్బ నాకు కొత్తా? ఈ ముందు పళ్ళు ఎవరు రాలగొట్టారు?"

"నేనే. నా తమ్ముడి మీద దుమ్ము పోశావు, రాలగొట్టాను. మిగతావి ఇవాళ రాలతాయి."

"దుమ్మా?"

"నా కళ్ళతో చూశా. వాడు వంగి పని చేసుకుంటుంటే, వెనకనుంచి గుప్పెడు పొట్టు వీపు మీద విసిరి, ఒరేయ్ చె... ఒరేయ్ అని ఆ మాట అన్నావు. అందరూ పళ్ళికిలించారు."

"చెవిటోడా అన్నాను. నీకు నోరు రాకపోతే నేనే..."

"అనొద్దు!"

"నవ్వాం. వాడూ నవ్వాడు. అది నీ కంటికి ఆనలేదు. పెద్దోడా, మోటారు వేసే ముందు ఇక్కడ అందరికీ కేకేస్తాం. వాడికి కేక దేనికి? అందుకని పొట్టు విసిరేవాళ్ళం. వీపు మీద పడగానే రెండు చేతులూ పైకెత్తి చూపించేవాడు. ఆ చేతులు చూశాకే స్విచ్ వేసేది. ఈ పద్ధతి ఎవరు పెట్టారనుకున్నావు? వాడే. చేరిన రోజు గుప్పెడు తీసి నా మొహాన కొట్టి మరీ నేర్పాడు."

"...నాకెవరూ చెప్పలేదు."

"నోటినిండా రక్తం పెట్టుకుని ఏం చెప్పను? మర్నాడు గేటు దగ్గర నిలబడి నువ్వేమన్నావు? 'నా తమ్ముడికి ఏ లోటూ లేదు, వాడి చెవుల ఊసు ఎవడెత్తినా, వాడి మీద ఒక్క రేణువు పడినా నిలువునా కోస్తా' అన్నావు. మాతో పనిచేసే మెల్లకన్నోడు ఆ రోజే పని మానేసి పోయాడు, మళ్ళీ కనపడలేదు. మిగతావాళ్ళం నోళ్ళు కుట్టుకున్నాం. అప్పట్నుంచీ వాడి పక్కనే నిలబడి నేనే భుజం తట్టేవాణ్ణి. ఇవాళ దుంగలు దించుతున్నారంటే గేటు దాకా పోయా. అంతే. కుంటుకుంటూ తిరిగొచ్చేసరికి..."

"మనిషిని మనిషిలా పిలవడం చేతకాదు మీకు! కుంటోడు, మెల్లోడు, నత్తోడు! సంతలో పశువుల్ని అంటారు అలా. నీకు బాధ లేదా?"

"ఉంది. ఎందుకుండదు? నా పెళ్ళాం నన్నొదిలేసి పోతూ గుమ్మంలో ఆ మాటే అనిపోయింది. ఇప్పటికీ అది తలుచుకుంటే నిద్రపట్టదు. వీళ్ళు అదే మాట అంటే మాత్రం, ఇటు రా, అక్కడ తడిగా ఉంది, జారతావు అన్నట్టుంటుంది. అంతకంటే విడమర్చి చెప్పడం నాకు రాదు."

"కబుర్లు చెప్పి పొద్దు గడుపుదామనా?"

"సరే, కబుర్లే. నువ్వేమనేవాడివి మరి? చెవి మందం అనేవాడివట. కాస్త మందం, పెద్దయితే అదే పోతుందని. చేతుల్తో మాట్లాడబోతే ఆ మణికట్టు మీదే గరిటె కాడతో కొట్టేవాడివట. బయట ఎవరేమన్నా తలూపు, నవ్వు, సరిపోతుందని నేర్పావట."

"ఎవడు చెప్పాడు నీకు?"

"వాడే. ఆ చేతుల్తోనే."

"నోర్ముయ్... నోర్ముయ్ మేస్త్రీ."

"నాకు కోపం లేదురా నీ మీద."

"అమ్మ పోయేముందు వాడి చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎవరిచేతా మాట పడనీకు అంది. అదే చెయ్యి. అది ఇప్పుడెక్కడుందో కూడా చెప్పడం లేదు ఆ ఆసుపత్రిలో. పూడ్చారా? కుక్కలకి పడేశారా? వాడు లేచి అడిగితే... ఎలా అడుగుతాడు? దేంతో అడుగుతాడు మేస్త్రీ?"

"ఏడువు. గట్టిగా ఏడువు. ఆ గొడ్డలి ఇలా ఇవ్వు ముందు."

"ఇవ్వను! పట్టుకోకు! వదులు... వదలవా!"

"అబ్బా! వేళ్ళురా, నా వేళ్ళు!"

"తప్పుకోమంటే వినవేం! అరిచాడట వీడు! పుట్టుచెవిటోడికి అరిచి మోటారు వేశాడట! ముక్కలు చెయ్యొద్దా వీణ్ణి? ఈ చెక్క ఎంతసేపాగుతుందో చూస్తా. ఇదిగో! ఇదిగో!"

"ఆగరా! పలక చీలిపోయింది, వాడి తలకి తగులుతుంది! ఆగు! ...ఇప్పుడేమన్నావు నువ్వు?"

"ఏమన్నాను?"

"వాడు పుట్టాక మొదటిసారి ఇవాళ అన్నావు ఆ మాట."

"అన్నాను! చెవిటోడు! నా తమ్ముడు చెవిటోడు! చాలా? కడుపు నిండిందా?"

"మేస్త్రీ... ఆయనేమంటున్నారు? ఇందాక మీరన్నది తిట్టనుకున్నా... నిజంగా చెవిటా?"

"నువ్వు మాట్లాడకు. గోడవైపుకి జరుగు."

"చెయ్యి పోయిన ఆయనకి... వినపడదా?"

"వినపడదు. నీకు చెప్పలేదు, తప్పు మాది. ఈయనకి భయపడి ఒక్కరం నోరు తెరవలేదు. జరగమన్నానా, ఆ చీలికలోంచి గొడ్డలి దిగుతుంది!"

"మీరెవరూ చెప్పలేదు మేస్త్రీ. ఏదడిగినా మొహం తిప్పుకున్నారు. అందుకే బయట అడిగాను."

"ఎవర్ని అడిగావు?"

"అన్నా, చీలికలోంచి మీ మొహం కనిపిస్తోంది. మీరే కదూ? నేను చేరిన రోజు, టీ కొట్టు దగ్గర. తమ్ముణ్ణి దింపి వెళ్ళబోతున్నారు. పిలిస్తే తిరిగి చూడడేంటన్నా ఈయన అని అడిగితే, నా భుజమ్మీద చెయ్యేసి నవ్వారు. 'వాడికి కాస్త పొగరు, గట్టిగా అరిస్తే పలుకుతాడు' అన్నారు... గట్టిగానే అరిచానన్నా."