చేతులు వాసన చూసే బడి

నా పేరు ధనలక్ష్మి. భర్త పేరు సుబ్బు. నా వయసు ఇరవై తొమ్మిదేళ్లు. అల్లూరు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న పట్టపుపాళెంలో కాపురం ఉంటున్నాను. పొద్దున్నే పడవల దగ్గర చేపలు కొని, తట్టలో పెట్టుకుని అల్లూరు వీధుల్లో అమ్ముతాను. నా భర్త రొయ్యల గుంటల దగ్గర కాపలా పని చేస్తాడు. మాకు ఒకటే బిడ్డ, పేరు బిందు, ఐదేళ్లు. ఆ బిడ్డ రెండు చేతులూ మోచేతుల దాకా కాలి ఇప్పుడు నెల్లూరు ఆసుపత్రిలో ఉంది. నేనే వాత పెట్టానని నా మీద ఫిర్యాదు. అది అబద్ధం. ఎస్.ఐ. గారు అడిగారు కాబట్టి జరిగింది చెబుతున్నాను.

మొన్న జూన్‌లో బిందును అల్లూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో యూకేజీలో చేర్చాము. బడి పేరు నేను ఇచ్చిన ఫీజు రసీదు మీద ఉంది, చూసుకోండి. బిందు మందబుద్ధి పిల్ల కాదు. అంకెలు నా తట్ట పక్కన కూర్చునే నేర్చుకుంది. నేను నెత్తళ్లు కుప్పలు పోస్తుంటే కుప్పలు లెక్కపెట్టేది. ఏది పెద్దది, ఏది చిన్నది, ఏ చేపకు ముల్లు ఎక్కువ, అన్నీ అడిగి తెలుసుకునేది. నేను విసుక్కోకుండా చెప్పేదాన్ని.

బడిలో ఒకరోజు ఎఫ్ అంటే ఫిష్ అని చెప్పి, మీకు ఏ చేపలు తెలుసో చెప్పమన్నారంట. బిందు లేచి నిలబడి వంజరం, చందువ, సొర, నెత్తళ్లు, కవళ్లు అని గడగడా చెప్పింది. టీచరు వాణి గారు ముక్కు పట్టుకుని "అబ్బా, కంపు" అన్నదంట. తక్కిన పిల్లలందరూ ముక్కులు పట్టుకున్నారంట. బిందు ఇంటికి వచ్చి నవ్వుతూనే చెప్పింది, ఏదో ఆట అనుకుని. నాకు నవ్వు రాలేదు.

అక్టోబరులో ఒకరోజు బిందు అన్నం క్యారేజీ మరిచిపోయి పోతే ఇవ్వడానికి బడికి పోయాను. ఉదయం తొమ్మిదింబావు. కిటికీలో నుంచి చూశాను. పిల్లలు చేతులు చాపి వరుసగా నిలబడి ఉన్నారు. రిబ్బన్లు కట్టుకున్న ఒక చిన్నపిల్ల ఒక్కొక్కరి చేతులు వాసన చూసుకుంటూ పోతోంది. "ఓకే, ఓకే" అంటోంది. ఓకే అయిన వాళ్ల నుదుటి మీద వాణి గారు మెరిసే స్టార్ అంటిస్తోంది. బిందు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల మొహం చిట్లించి "స్మెల్" అన్నది. వాణి గారు బాత్రూముల్లో కొట్టే సెంటు డబ్బా తీసి, దోమలకు మందు కొట్టినట్టు నా బిడ్డ తల మీదా భుజాల మీదా కొట్టింది. కొట్టకముందే బిందు కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టింది. అంటే అది మొదటిసారి కాదు. తర్వాత దాన్ని వాకిట్లో చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టింది. అక్కడ ముందే మా పాళెం పిల్లలు ఇద్దరు కూర్చుని ఉన్నారు.

కుళ్లిన చేపలు ఎత్తిపోసిన చేతులు నావి. ఎన్నడూ నాకు వాంతి రాలేదు. ఆ కిటికీ దగ్గర వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకున్నాను.

లోపలికి పోయి అడిగాను. "ఇది యాక్టివిటీ అండీ. రోజుకొకరిని స్మెల్ లీడర్ చేస్తాము. మంచి అలవాట్లు ఈ వయసులోనే రావాల. లీడర్‌షిప్ కూడా వస్తాది" అన్నది వాణి గారు.

"మేడం, ఆదివారం నా తట్టలో చెయ్యి పెట్టి వంజరం యేరుకుంటారే, అప్పుడు మీకు కంపు కొట్టలేదా?" అన్నాను.

"అరవొద్దండీ, పిల్లలు బెదురుకుంటారు" అన్నది. కరస్పాండెంట్ హరినాథ్ గారు వచ్చి, నచ్చకపోతే టీసీ తీసుకుని పొమ్మన్నాడు. ఏడాది మధ్యలో ఎక్కడ చేర్చుకుంటారని నా భర్త అన్నాడు. మార్చి దాకా ఓపిక పడదామనుకున్నాము.

నవంబరులో తుపాను హెచ్చరిక వచ్చి వారం రోజులు పడవలు కదల్లేదు. నేను చేప ముట్టలేదు. ఆ వారం బిందుకు స్టార్ వచ్చింది. దాన్ని నుదుటి మీద నుంచి తీయనివ్వలేదు, తలకు పోస్తానంటే ఏడ్చింది. పడవలు మళ్లీ వేటకు పోయిన రోజు, నేను ఒడ్డు నుంచి వచ్చి జడ వేద్దామని దువ్వెన పట్టుకుంటే వెనక్కి జరిగింది. "నువ్వొద్దుమా. నాయన ఏస్తాడు" అన్నది. సుబ్బుకు జడ వేయడం రాదు. జుట్టు విరబోసుకునే బడికి పోయింది. నీట్‌గా రాలేదని ఆరోజు కూడా చెప్పుల దగ్గరే కూర్చోబెట్టారు. బిడ్డ మొండికేస్తోంది, ప్రవర్తన బాగాలేదు, ఇంట్లో చూసుకోండి అని డైరీలో రాసి పంపారు. ఎంత చక్కటి చదువో చూడండి.

చచ్చిన రొయ్యలు ఏరి వచ్చినప్పుడు సుబ్బు బక్కెట్టు నీళ్లలో చిటికెడు బ్లీచింగ్ పౌడర్ కలిపి చేతులు కడుక్కుంటాడు. గుంటల దగ్గర పని చేసేవాళ్లు అందరూ చేసేదే. ఎందుకు నాయనా అని బిందు అడిగింది. "కంపు పోతాది తల్లే" అన్నాడు. చిటికెడుతో పోయే కంపు దోసెడుతో ఇంకా బాగా పోతుందని ఐదేళ్ల బిడ్డ అనుకుంది. పిల్లలు మనం చెప్పింది కాదు, చేసింది నేర్చుకుంటారు.

నవంబరు ఇరవై ఆరో తేదీ ఉదయం నేను ఒడ్డున ఉన్నాను. కాపలా దిగి వచ్చిన సుబ్బు నిద్రపోతున్నాడు. నేను ఏడుంబావుకు ఇంటికి వచ్చేసరికి బిందు బోరింగు దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. పక్కన మగ్గులో తెల్లటి ముద్ద. ఆ ముద్దను గోరింటాకు పెట్టుకున్నట్టు మోచేతుల దాకా పట్టించుకుని ఆరనిస్తోంది. ఏడవడం లేదు. పళ్లు బిగబట్టి కూర్చుని ఉంది. నన్ను చూసి "ఇంకొంచేపు ఉంటే పోతాదిమా" అన్నది.

నేను పట్టుకుని బోరింగు నీళ్లతో కడిగాను. అప్పుడు అరిచింది. కడుగుతుంటే తోలు ఊడి వచ్చింది. పెనుగులాడితే నేను గట్టిగా పట్టుకున్నాను. ఆ అరుపులు విని పక్క ఇళ్ల వాళ్లు నేను వాత పెడుతున్నానని అనుకున్నారు. ఫిర్యాదు అక్కడి నుంచి పుట్టింది.

ఆసుపత్రిలో పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చి, "అమ్మ దగ్గరికి పోతావా పాపా?" అని అడిగింది. బిందు మొహం తిప్పుకుని నర్సు వెనక దాక్కుంది. తల్లి అంటే భయం అని రాసుకున్నారు. ఎందుకు దాక్కున్నావని ఒక్కరు కూడా అడగలేదు. ఆరోజు నుంచి నన్ను వరండా దాటనివ్వలేదు.

ఆ వరండాలోకే హరినాథ్ గారు యాపిల్ పళ్లు తీసుకుని వచ్చాడు. "చూడమ్మా, బిడ్డ ఇంట్లో కాల్చుకుంది. మందు జాగ్రత్తగా పెట్టలేదని నీ మొగుడి మీదికి వస్తాది. బడి పేరు ఎత్తబాకు. పదో తరగతి దాకా ఫీజు లేకుండా మేమే చదివిస్తాం" అన్నాడు. మాట్లాడినంతసేపూ కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ఆసుపత్రి వరండాలో ఎన్నో వాసనలుంటాయి. ఆయన నా వైపు తిరిగినప్పుడే అడ్డం పెట్టుకున్నాడు. పళ్లు గేటు బయట మేకకు వేశాను. ఆయన మొహాన ఉమ్మేయలేదు, అంతే నా మర్యాద.

ఈరోజు పొద్దున పది నిమిషాలు బిడ్డను చూడనిచ్చారు. శుభ్రంగా రమ్మని నర్సు ముందే చెప్పింది. అందుకని రెండు రోజులుగా నేను చేప ముట్టలేదు. కొత్త సబ్బుతో స్నానం చేశాను. గోళ్లు నిమ్మకాయతో తోముకున్నాను. పెళ్లి చీర కట్టుకుని పౌడర్ రాసుకున్నాను. బిందు మంచం మీద కూర్చుని నన్ను చూసింది. "చేతులు చాపుమా" అన్నది. చాపాను. కట్లు కట్టిన చేతులతో నా చేతులు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. అరచేతులు, వెనక వైపు, గోళ్ల సందులు. "ఓకే" అన్నది. ఆ తర్వాతే నా ఒళ్లోకి వచ్చింది.

పక్కనున్న పిల్లల ఆఫీసు మేడం సంతోషపడింది. భయం పోయిందని రాసుకుంది. కాగితం మీద సంతకం పెడితే రేపు ఇంటికి తీసుకుపోవచ్చని చెప్పింది. నా బిడ్డ నా ఒళ్లో ఉంటే నాకు రోత పుట్టింది. బిడ్డ మీద కాదు. ఆ "ఓకే" అనే మాటను దాని నోట్లో పెట్టిన వాళ్ల మీద.

నేను ఆ సంతకం పెట్టలేదు. రేపు పడవలు వస్తాయి. చేపలు కొని, అల్లూరులో అమ్ముకుని, ఎప్పటిలాగే చేతులు కడుక్కుని, ఎప్పుడూ కట్టే చీరతోనే ఆసుపత్రికి పోతాను. బిందు మొహం తిప్పుకుంటే తిప్పుకుందని రాసుకోండి. ఎందుకు తిప్పుకుందో కూడా దాని పక్కనే రాయండి. ఒళ్లోకి వచ్చేదాకా రోజూ అట్లాగే పోతాను. సబ్బు వాసన చూసి వచ్చిన బిడ్డను నేను ఏ ఇంటికి తీసుకుపోయేది? మా ఇంట్లో చేపలుంటాయి.

ఇదంతా నా నోటితో నేను చెప్పింది, ఎవరో నేర్పింది కాదు. హెడ్ కానిస్టేబుల్ గారు రాసి చదివి వినిపించారు. కంపు అని నేను చెప్పిన చోట ఆయన దుర్వాసన అని రాస్తే కొట్టేయించి మళ్లీ కంపు అనే రాయించాను. తక్కినదంతా నేను చెప్పినట్టే ఉంది. నిజమని ఒప్పుకుని వేలిముద్ర కాకుండా సంతకమే పెడుతున్నాను.

(సంతకం)
ధనలక్ష్మి