పోతుపూలన్నీ కోసేసిన ఏడు

"గొబ్బెమ్మల మీదికి గుమ్మడి పూలు కొయ్యబోతే, సగం పాదుకే ఉంచెయ్యమంటావేంటి నాయనమ్మా?" అన్నావు కదూ? కూర్చో చెబుతాను. ఆ పేడ చేతులు నా కోకకి రాయకే!

నేను కాపురానికొచ్చిన ఏడు సంగతిది. మా పుట్టిల్లు రామచంద్రపురం వైపా, అత్తవారేమో గోదావరి దాటి నరసాపురం పక్క. పడవలో మా నాన్న దింపి... కాదు కాదు, ఆయనకి జ్వరం, బాబాయి దింపాడు. సరే, పెరట్లో గుమ్మడి పాదులకి నీళ్లు పొయ్యడం నా వంతు. ధనుర్మాసం రాగానే వీధిలో ఆడపిల్లలు సూర్యుడు రాకముందే పూలకి దిగేవారు. ఏటా తలా నాలుగూ కోసుకునేవారట. ఆ ఏడు కోడలొచ్చిన సంబరంలో మా అత్తగారు, "పిందె ఉన్న పువ్వు జోలికెళ్లకండర్రా. పోతుపూలు ఎలాగూ కాయవు, అన్నీ కోసుకోండి" అనేశారు. ఇంకేం, ఒక్కటీ మిగల్చలేదు.

పిందెలు పసుపెక్కి రాలిపోవడం మొదలెట్టాయి. నీళ్లు పోసేది నేనే కదా, మా అత్తగారు "ఈ పిల్ల చెయ్యి మంచిది కాదు" అన్నారు. పురిటికొచ్చిన మా ఆడపడుచుకి అన్నం వడ్డించబోతే కంచం లాగేసుకున్నారమ్మా. "దాన్ని ముట్టుకోకు, నీ పుణ్యముంటుంది" అన్నారు. నా ప్రాణం చచ్చిపోయిందనుకో.

ఏడుపొచ్చింది గానీ, నాకు అనుమానం కూడా వచ్చింది. ఊరవతల కళ్లం దగ్గర పాక మీదికి పాకిన పాదుందే, దానికీ నీళ్లు పోసేది నేనే. అది విరగకాసింది! మరి నా చెయ్యి ఇక్కడ చెడ్డదీ అక్కడ మంచిదీనా? అక్కడికి పిల్లలు వెళ్లరు, పూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. ఓ తుమ్మెద పోతుపువ్వులో దూరి, పొర్లి, ఒళ్లంతా పసుపు పొడి పూసుకుని బయటికొచ్చింది. తిన్నగా వెళ్లి పిందె పువ్వులో దిగింది. దానికి తేనె మీదే ధ్యాస, తను ఏం మోసుకెళ్తోందో దానికి తెలుసంటావా? నాకిప్పటికీ తెలీదు.

మర్నాడు పిల్లల కంటే ముందే లేచి, పెరట్లో ఓ పోతుపువ్వు తుంపి, రేకులు ఒలిచేసి, ఆ పొడి పిందె పూలకి అద్దుతున్నాను. వెనక అత్తగారు!

"ఏం చేస్తున్నావే?"

"తుమ్మెద పనండి అత్తయ్యా. పోతుపూలన్నీ పోయాయి కదండీ, పాపం అది మాత్రం ఏం తెస్తుంది?"

"పిచ్చి గానీ పట్టిందా నీకు?" అన్నారు. కానీ ఆపలేదు. నేనద్దిన పిందెలన్నీ నిలిచాయే! పిడికిలంత అయ్యేదాకా ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్లి, ఆకులెత్తి చూసి వచ్చేసేవారు.

ఆడపడుచు ప్రసవించింది, ఆడపిల్ల. పురుటి స్నానమయిన రోజు నేను గుమ్మం అవతలే నిలబడ్డాను, లోపలికి రానిస్తారో లేదోనని. అత్తగారు పసికందుని ఎత్తుకుని నా దగ్గరికొచ్చి, "చేతులు చాపవే" అన్నారు. చాపాను. బిడ్డని నా చేతుల్లో పెట్టి, కళ్లొత్తుకుంటూ లోపలికెళ్లిపోయారు. నేను దాన్ని పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో...

ఎవరూ నీ చేతికి వంక పెట్టకుండా చల్లగా బతుకు తల్లీ. వెళ్లు, చేతులు కడుక్కుని...